పంచ్‌లో బరువు: పుట్టుకతో వచ్చేదెంత, సాధనతో పెరిగేదెంత

తిరుపతిలో ఎక్కడ ఎగ్జిబిషన్ వేసినా పంచింగ్ మెషిన్ చుట్టూ కుర్రాళ్లు మూగుతారు. వేలాడే బంతిని గుద్దితే తెర మీద ఒక నంబరు పడుతుంది. జిమ్‌లో కండలు పెంచినవాడికి 600 వస్తుంది, వాడి వెనక నిలబడ్డ బక్కపలచటి వాడికి 800 వస్తుంది. ఇంక చూడాలి గోల. "వాడి దెబ్బలోనే బరువుందిరా, అది పుట్టుకతో రావాల" అంటాడొకడు. "ఏం కాదు, ఎక్కడో ప్రాక్టీస్ చేసుంటాడు" అంటాడు ఇంకొకడు.

బాక్సింగ్‌లో ఈ పంచాయితీ చాలా పాతది. గట్టిగా కొట్టేవాడు పుట్టాల్సిందే, తయారు చెయ్యలేమని పాత తరం కోచ్‌లు నమ్మేవారు. ఇప్పటికీ నమ్మేవాళ్లు తక్కువేం కాదు. 2024 నవంబరులో 58 ఏళ్ల మైక్ టైసన్ 27 ఏళ్ల జేక్ పాల్‌తో రింగులోకి దిగినప్పుడు, "వయసు పోయినా పంచ్ పోదు" అన్న మాట మన ఫోన్లలోనూ తెగ తిరిగింది.

ఈ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. ఒకే ప్రశ్నలా కనిపించే దీంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఇవాళ నేను కొట్టేదానికన్నా రేపు గట్టిగా కొట్టగలనా? ఒకే శిక్షణ పొందిన ఇద్దరిలో ఒకరి దెబ్బ ఎందుకు గట్టిగా ఉంటుంది? ఎవరి దెబ్బకు ఎదుటివాడు పడిపోతాడు? మొదటిదానికి జవాబు చెబుతూ ఒకరు, రెండోదానికి చెబుతూ ఇంకొకరు కొట్లాడుకుంటారు. మూడోది వేరే సంగతని చాలామందికి తట్టదు.

బలం వేరు, పవర్ వేరు

చిత్తూరు బెల్లం మండీలో మూటలు మోసే హమాలీని తీసుకుందాం. వీపు, తొడలు, పిడికిలి పట్టు, అన్నీ గట్టివే. బరువులెత్తే పోటీ పెడితే జిమ్ కుర్రాళ్లలో చాలామంది ఆయన ముందు నిలవలేరు. అలాగని ఆయన గుద్దు బాక్సర్ గుద్దంత ఉంటుందా? ఉండాలనేం లేదు.

తేడా అంతా టైమ్‌లో ఉంది. మూట ఎత్తడానికి ఒకటి రెండు సెకన్లు పట్టినా నష్టం లేదు. కండరం తన పూర్తి బలాన్ని చేరుకోవడానికి సెకనులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పంచ్‌కు అంత వ్యవధి దొరకదు. 1985లో బ్రిటన్ పరిశోధకులు హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో పంచ్‌ను కొలిచారు. చెయ్యి కదిలినప్పటి నుంచి లక్ష్యాన్ని తాకేదాకా పట్టింది సెకనులో పదో వంతు. తాకేటప్పటి వేగం సెకనుకు 8.9 మీటర్లు. దెబ్బ దాదాపు 4,100 న్యూటన్లు, అంటే సుమారు 400 కిలోల బరువుకు సమానమైన తోపు.

కాబట్టి హమాలీకి ఎంత బలమున్నా, ఆ పదో వంతు సెకనులో అందులో ఎంత బయటికి తీయగలడన్నదే లెక్క. క్రీడాశాస్త్రంలో పవర్ అంటే ఇదే, బలాన్ని వేగంగా వాడటం. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే, కండలున్న వాడికి 600 ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు. నిజానికి ఆ మెషిన్ నంబరును నమ్మడమే కొంచెం అమాయకత్వం. అది న్యూటన్లలో కొలవదు. ఏ కోణంలో గుద్దాం, బంతి ఎంత వేగంగా వెనక్కి పోయింది అన్నదాన్ని బట్టి కంపెనీ పెట్టుకున్న ఏదో లెక్క చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో వైరలయ్యే "ప్రపంచ రికార్డు పంచ్" నంబర్లలో చాలావరకూ ఇలాంటివే.

చెయ్యి బరువెంత? ఒక చిన్న లెక్క

దెబ్బ తీవ్రతను వేగంతో పాటు నిర్ణయించేది, తాకే క్షణంలో దాని వెనక ఎంత బరువు ఉందన్నది. పరిశోధకులు దీన్ని ప్రభావ ద్రవ్యరాశి అంటారు. చింతబరికె, దుడ్డుకర్ర రెండూ దెబ్బకొట్టేవే. బరికె వేగంగా వచ్చి చురుక్కుమనిపిస్తుంది, మనిషిని కదిలించదు. కర్ర అంత వేగంగా రాకపోయినా మనిషిని అవతల పడేస్తుంది.

60 కిలోల కుర్రాడిని ఊహించుకోండి. పిడికిలి మాత్రం తూస్తే అరకిలో కూడా ఉండదు. భుజం దాకా మొత్తం చెయ్యి సుమారు 3 కిలోలు. ఇప్పుడు అతను సెకనుకు 9 మీటర్ల వేగంతో కొట్టాడనుకుందాం. బరువులో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేస్తే శక్తి వస్తుందని హైస్కూల్లో చదువుకున్నదే.

మొత్తం చెయ్యి ఒకే ముక్కలా బిగుసుకుని తాకితే 3 కిలోలు దెబ్బ వెనక ఉంటాయి. శక్తి 121 జౌళ్లు. మణికట్టు, మోచెయ్యి వదులుగా ఉండి 1 కిలో మాత్రమే దెబ్బలోకి వస్తే 40 జౌళ్లు. అదే వేగం, అదే చెయ్యి, దెబ్బ మాత్రం మూడో వంతు. ఇక బరువు 3 కిలోల దగ్గరే ఉంచి వేగాన్ని పది శాతం పెంచితే దాదాపు 147 జౌళ్లు, అంటే 21 శాతం ఎక్కువ.

ఇదంతా కాగితం మీది ఊహే కాదు. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల చేత మనిషి తల నమూనాను కొట్టించి చూశారు. చేతి వేగం సగటున సెకనుకు 9 మీటర్ల పైచిలుకు, ప్రభావ ద్రవ్యరాశి 2.9 కిలోలు, దెబ్బ 3,400 న్యూటన్ల దాకా వచ్చాయి.

చెయ్యి బిగుసుకోవడంలో ఒక చిక్కుంది. కండరం బిగిస్తే చెయ్యి నెమ్మదిస్తుంది. వదులుగా ఉంటే వేగం వస్తుంది, బరువు రాదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు. కెనడాలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం మేటి ఫైటర్ల కండరాలకు సెన్సార్లు పెట్టి చూస్తే, వాళ్లు దీన్ని ఎలా దాటుతున్నారో కనిపించింది. కదలిక మొదలవగానే కండరాలు ఒకసారి బిగుస్తాయి, మధ్యలో వదులవుతాయి, సరిగ్గా తాకే క్షణంలో మళ్లీ బిగుస్తాయి. కోచ్‌లు "భుజం లూజ్‌గా వదులు, చివర్లో బిగించు" అని అరిచేది దీని గురించే. ఇది తెలిసి చేసేది కాదు. వేలసార్లు కొట్టి కొట్టి ఒంటికి పట్టాల్సిందే. ఎవరికైనా చిన్నప్పటి నుంచే ఇది వచ్చి ఉంటే మనం "పుట్టుకతో వచ్చిన దెబ్బ" అంటాం. వాడు చిన్నప్పుడు రాళ్లు విసిరి మామిడికాయలు రాల్చాడా, క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేశాడా అని మాత్రం అడగం.

దెబ్బ కాళ్ల దగ్గర మొదలవుతుంది

1980లలో సోవియట్ పరిశోధకులు 120 మంది బాక్సర్లను పరిశీలించి, పంచ్‌లో ఏ భాగం వాటా ఎంతో లెక్కగట్టారు. పై స్థాయి బాక్సర్లలో కాళ్ల తోపు వాటా సుమారు 38 శాతం, నడుము తిప్పడం 37 శాతం, చెయ్యి చాపడం 24 శాతం. కింది స్థాయి వాళ్లలో కాళ్ల వాటా 17 శాతం లోపే, చేతిది 38 శాతం. కొత్తవాడు చేత్తో కొడతాడు, ఆరితేరినవాడు నేలను తన్ని కొడతాడు అన్నమాట. బ్రెజిల్ జాతీయ జట్టు బాక్సర్ల మీద 2016లో వచ్చిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది. బరువు పెట్టుకుని పైకి ఎగరడంలో పవర్ ఎక్కువున్న వాళ్లకు పంచ్ కూడా గట్టిగానే ఉంది.

కాళ్లంటే మన ఊళ్లో వెంటనే గుర్తొచ్చేది మెట్లు. అలిపిరి నుంచి కొండ మీదికి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఏ ఆట ఆడే కుర్రాళ్లయినా ఫిట్‌నెస్ కోసం అటు పోవడం ఇక్కడ మామూలే. వేల మెట్లు ఆగకుండా ఎక్కితే గుండె, ఊపిరితిత్తులు గట్టిపడతాయి. తొడల్లో నిదానంగా, అలసిపోకుండా పనిచేసే గుణం పెరుగుతుంది. మూడు రౌండ్లు నిలబడాల్సిన బాక్సర్‌కు అది కావాల్సిందే. పంచ్ పవర్ అడిగేది మాత్రం ఇంకో గుణం. పది పన్నెండు మెట్లు ప్రాణం పెట్టి దూకుతూ ఎక్కి, పూర్తిగా ఊపిరి తీసుకుని, మళ్లీ అలాగే ఎక్కడం దానికి దగ్గరగా ఉంటుంది. అవే మెట్లు, అవే కాళ్లు. ఎలా వాడామన్నదాన్ని బట్టి శరీరం వేరేగా మారుతుంది. "ఏళ్ల తరబడి కష్టపడుతున్నా నా పంచ్ పెరగలేదు, ఇది పుట్టుకతో రావాల్సిందే" అనే చాలామంది కష్టంలో లోపం ఉండదు, ఆ కష్టం వేరే గుణానికి పోయి ఉంటుంది.

సాధన వైపు సాక్ష్యం, దాని వెనక మెలిక

సాధన పక్షం వాళ్లు తరచూ చూపించే లెక్క ఒకటుంది. 2000లో బ్రిటన్‌లో బాక్సర్లను మూడు స్థాయిలుగా విడదీసి వెనక చేతి పంచ్ (నిలబడేటప్పుడు వెనక ఉంచే చేతి దెబ్బ) కొలిచారు. మేటి బాక్సర్లకు సగటున 4,800 న్యూటన్లు, మధ్య స్థాయికి 3,722, కొత్తవాళ్లకు 2,381. దాదాపు రెట్టింపు తేడా. "ఇంకేం కావాలి, నేర్చుకుంటే రెట్టింపవుతుంది" అనిపిస్తుంది.

కానీ ఈ అధ్యయనం ఒకే మనిషిని మొదట్లో ఒకసారి, పదేళ్ల తర్వాత ఒకసారి కొలవలేదు. వేరువేరు మనుషుల్ని ఒకేసారి కొలిచింది. మేటి స్థాయికి చేరినవాళ్లు వాళ్ల తరంలో మిగిలినవాళ్లు. వంద మంది బాక్సింగ్ మొదలుపెడితే, దెబ్బలో పస లేనివాళ్లు మధ్యలోనే మానేసి ఉండొచ్చు. అప్పుడు 4,800లో ఎంత శిక్షణ, ఎంత జల్లెడ? ఆ నంబరు చెప్పదు. పుట్టుక పక్షం అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే.

ఒకే మనుషుల్ని కొన్ని వారాల పాటు పవర్ వ్యాయామాలు చేయించి, ముందూ వెనకా కొలిచిన ప్రయోగాలూ ఉన్నాయి. పంచ్ పెరిగినట్టు అవి చూపిస్తాయి. అయితే అవి ఎక్కువగా చిన్న బృందాల మీద, కొద్ది కాలం చేసినవి. ఎందుకు పెరుగుతుందన్నది మాత్రం బాగానే తెలుసు. మొదటి వారాల్లో కండ పెద్దగా పెరగదు, నరాల పని మెరుగవుతుంది. మెదడు ఒకేసారి ఎక్కువ కండర పోగులను, ఎక్కువ వేగంతో పనిలోకి దించడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత కండ, స్నాయువులు గట్టిపడతాయి.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టిన వాడి దెబ్బ పెరుగుతుంది, బాగానే పెరుగుతుంది. పుట్టుక పక్షంలో గట్టి కోచ్ కూడా దీన్ని కాదనడు. ఆయన అనేది వేరు. పెరిగాక ఎక్కడ ఆగుతుందన్నది ఆయన ప్రశ్న.

పుట్టుక వైపు సాక్ష్యం

డియోంటే వైల్డర్ కథ లేకుండా ఈ పక్షం వాదన పూర్తవదు. అమెరికాలోని అలబామా కుర్రాడు, 20 ఏళ్ల వయసులో 2005లో మొదటిసారి బాక్సింగ్ మొదలుపెట్టాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం. ప్రొఫెషనల్‌గా మారాక మొదటి 32 ఫైట్లూ నాకౌట్లే. 2015లో హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్. టెక్నిక్ చూసి ముక్కు విరిచే నిపుణులు కూడా కుడిచేతి గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడేవారు.

ఇటు వైపు అమెరికా బాక్సర్ పాలీ మాలినాజీ. రెండు బరువుల్లో ప్రపంచ చాంపియన్. 36 గెలుపుల్లో నాకౌట్లు 7. మంచి కోచ్‌లు లేకనో, కష్టపడకనో అని ఎవరూ అనలేరు. చేతి ఎముకలు సున్నితమైనవి, పదే పదే దెబ్బతిని సర్జరీలు చేయించుకున్నాడు. తన చెయ్యే విరుగుతుందన్న భయం ఉన్నవాడు పూర్తి బలంతో ఎలా కొడతాడు? పంచ్ పవర్ గురించి మాట్లాడేటప్పుడు జనం కండరాల గురించే ఆలోచిస్తారు. మణికట్టు మందం, పిడికిలి ఎముకల గట్టితనం అంతకన్నా పెద్ద పుట్టుక లక్షణాలేమో అని నాకనిపిస్తుంది.

ఇంకా ఉన్నాయి. చేతుల పొడవు, కండరం ఎముకకు అతుక్కునే చోటు, భుజాల వెడల్పు. వీటిని ఏ శిక్షణా మార్చదు. కండరాల్లో త్వరగా బిగిసే పోగులు, నిదానంగా పనిచేసే పోగులు ఉంటాయి. వీటి పాళ్లలో పుట్టుక వాటా పెద్దదే. త్వరగా బిగిసే వాటిలో ఒక రకం ఇంకో రకంగా మారడం శిక్షణతో తేలిగ్గానే జరుగుతుంది. నిదానం పోగు వేగం పోగుగా మారుతుందా అన్నదానిపై మాత్రం ఏకాభిప్రాయం లేదు.

జన్యువుల్లో ఎక్కువగా వినిపించే పేరు ఏసీటీఎన్3. వేగంగా పనిచేసే పోగుల్లో ఉండే ఒక ప్రొటీన్‌ను ఇది తయారు చేయిస్తుంది. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఆ ప్రొటీన్ అసలు ఉండదు, వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు మేటి స్ప్రింట్, పవర్ క్రీడాకారుల్లో అది లేనివాళ్లు మామూలు జనంలో కన్నా చాలా తక్కువని చూపించారు. దీన్ని పట్టుకుని "మీ పిల్లవాడికి ఏ ఆట సరిపోతుందో చెబుతాం" అంటూ డీఎన్ఏ టెస్టులు అమ్మేవాళ్లు బయల్దేరారు. పవర్‌లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఈ ఒక్క జన్యువు వివరించేది చాలా చిన్న వాటా. వేల రూపాయలు పోసి తెలుసుకునేదానికన్నా, పిల్లవాణ్ని నిలబడిన చోటి నుంచి ఒక్క దూకు దూకమంటే ఎక్కువ తెలుస్తుంది.

"సగం వంశపారంపర్యం" అంటే అర్థమేమిటి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. కవలల మీద చేసిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, కండ బలంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో దాదాపు సగం వంశపారంపర్యం అని తేలుతుంది. ఇది చదివి "నా పంచ్‌లో సగం అమ్మానాన్నలు ఇచ్చింది, సగం నేను సంపాదించింది" అనుకుంటారు. దాని అర్థం అది కాదు.

పది మంది కుర్రాళ్లను ఒకే హాస్టల్లో పెట్టి, ఒకే కోచ్ కింద, ఒకే రాగి సంగటి, ఒకే గుడ్లు పెట్టి రెండేళ్లు తయారు చేశామనుకోండి. చివర్లో వాళ్ల పంచ్‌లలో ఇంకా తేడాలుంటాయి. శిక్షణ, తిండి అందరికీ ఒకటే కాబట్టి మిగిలిన తేడా చాలావరకూ పుట్టుకదే. వంశపారంపర్యం 80, 90 శాతం అని తేలొచ్చు. ఇప్పుడు అదే పది మందిలో ఐదుగుర్ని మాత్రమే బాక్సింగ్‌కు పంపి, మిగతా ఐదుగుర్ని ఇంట్లో కూర్చోబెట్టామనుకోండి. రెండేళ్ల తర్వాత తేడాలో పెద్ద భాగం శిక్షణది. వంశపారంపర్యం 20, 30 శాతానికి పడిపోవచ్చు. జన్యువులు మారలేదు, పిల్లలూ మారలేదు, శాతం మారింది. ఆ శాతం ఒక గుంపులోని తేడాలను కొలుస్తుంది. ఒక మనిషి చేతిని రెండు ముక్కలు చేసి చూపించదు.

అనుభవమున్న కోచ్‌లు పుట్టుక పక్షం ఎందుకు తీసుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. వాళ్లు చూసేది ఒకే జిమ్‌లో ఒకే శిక్షణ పొందిన పిల్లల్ని. అక్కడ వాళ్ల కంటికి కనిపించే తేడా నిజంగానే పుట్టుకదే. శిక్షణ లేని వాడిని, ఉన్న వాడిని పోల్చే పరిశోధకుడికి శిక్షణే పెద్దగా కనిపిస్తుంది. ఇద్దరూ తాము చూసింది చెబుతున్నారు, చూసిన గుంపులే వేరు.

గట్టి దెబ్బకూ నాకౌట్‌కూ మధ్య దూరం

మనిషి పడిపోయేది ఎక్కువగా తల ఒక్కసారిగా తిరగడం వల్ల. తల తిరిగితే లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. గడ్డం మెడ ఇరుసుకు దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ తగిలిన ఓ మోస్తరు దెబ్బ, నుదుటి మీద తగిలిన పెద్ద దెబ్బకన్నా తలను ఎక్కువ తిప్పుతుంది. దెబ్బ వస్తోందని కనిపిస్తే మెడ కండరాలు ముందే బిగుసుకుంటాయి. కనిపించకపోతే బిగుసుకోవు. కాబట్టి నాకౌట్‌లో కొట్టేవాడి పవర్‌తో పాటు దాచి కొట్టే తెలివి, తినేవాడి మెడ, ఆ రోజు వాడి అలసట అన్నీ ఉంటాయి. 2021లో వైల్డర్ బ్రిటన్ హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీని నాలుగో రౌండులోనే రెండుసార్లు పడేశాడు. ఫ్యూరీ రెండుసార్లూ లేచి, పదకొండో రౌండులో వైల్డర్‌నే నాకౌట్ చేశాడు.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో పవర్‌కు విలువ ఇంకా తక్కువ. 2013 దాకా న్యాయనిర్ణేతలు బటన్లు నొక్కి దెబ్బలు లెక్కపెట్టే పద్ధతి ఉండేది. దెబ్బ ఎంత గట్టిదన్నది దాంట్లో లేదు, తగిలితే పాయింటు. ఇప్పుడు రౌండుకు పది పాయింట్ల పద్ధతి వచ్చినా నాకౌట్లు అరుదే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయిన ఫైనల్ 5-0 పాయింట్ల గెలుపు. ఆమె దెబ్బలో బరువు లేదని కాదు. ఆ ఆటలో గెలుపుకు దారి వేరు.

వయసు పోయినా పంచ్ పోదా

1994 నవంబరు 5న 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్, 26 ఏళ్ల చాంపియన్ మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడేశాడు. అప్పటిదాకా పాయింట్లలో ఫోర్‌మన్ వెనకే ఉన్నాడు. ఈ నానుడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. శరీరశాస్త్రం మాత్రం తిరగేసి చెబుతుంది. వయసుతో ముందు సన్నబడేవి వేగం పోగులే. బలం కన్నా పవర్ త్వరగా తగ్గుతుంది.

రెండూ ఎలా నిజమవుతాయి? ఫోర్‌మన్ కుర్రతనంలో కన్నా బరువు పెరిగాడు. దెబ్బ వెనక పెట్టాల్సిన బరువు, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కొట్టాలి అన్న అనుభవం అన్నీ ఉన్నాయి. పోయింది కాళ్ల చురుకు, దెబ్బల వరస. ఎదుటివాడు ఒక్క క్షణం ఎదురుగా నిలబడితే చాలు. మైక్ టైసన్‌కు 2024లో ఆ ఒక్క క్షణం దొరకలేదు. ఎనిమిది రౌండ్లలో 97 పంచ్‌లు విసిరితే తగిలినవి 18. చేతిలో పవర్ ఎంత మిగిలిందో చూసే అవకాశమే ఆ ఫైట్ ఇవ్వలేదు.

పద్నాలుగేళ్ల పిల్లల దగ్గర తీర్పు

ఈ చర్చ వల్ల నిజంగా లాభనష్టాలు కలిగేది పిల్లలకే. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు వర్గాలుంటాయి. జిల్లా సెలక్షన్లలో ఒక పద్నాలుగేళ్ల వాడు ప్రత్యర్థిని తాడు దాకా నెట్టేస్తుంటే "వీడు పుట్టు ఫైటర్" అన్న మాట వచ్చేస్తుంది. వాడికి మీసం కట్టు వచ్చేసిందని, ఎదుటి పిల్లవాడి గొంతు ఇంకా మారలేదని ఎవరూ చూడరు.

మగపిల్లల్లో యవ్వనం మొదలయ్యే వయసు ఒకరికీ ఇంకొకరికీ మూడు నాలుగేళ్లు తేడా ఉండొచ్చు. ముందుగా ఎదిగినవాడికి కండ, ఎముక, టెస్టోస్టెరాన్ అన్నీ ముందుగా వస్తాయి. ఆ రోజు కనిపించే పవర్‌లో పుట్టుక ఎంత, త్వరగా ఎదగడం ఎంత అన్నది చూసి చెప్పడం కష్టం. అండర్-17కి వచ్చేసరికి ఆలస్యంగా ఎదిగినవాళ్లు అందుకుంటారు. బాక్సింగ్ మానకుండా ఉంటే.

బరువు తరగతులు ఉన్నాయి కదా, ఇద్దరూ 46 కిలోలే కదా అని అనొచ్చు. తరగతి కొలిచేది కిలోలను. వాటిలో కండ వాటా ఎంత, ఎముకలు ఎంత గట్టిపడ్డాయి అన్నది కొలవదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీల్లో పుట్టిన తేదీకి బదులు శరీర ఎదుగుదలను బట్టి పిల్లల్ని జట్లుగా విడదీసే ప్రయోగాలు జరిగాయి. మన దగ్గర సెలక్షన్ బల్ల మీదికి వచ్చేది ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, తూకం కాటా. ఏటా ఎత్తు కొలిచి రాసిపెట్టుకునే పీఈటీ మాస్టారు ఉన్న స్కూల్లో అయితే, ఏ పిల్లవాడు ఎదుగుదలలో ఎక్కడున్నాడో ఆ నోట్‌బుక్కు చూసి చాలావరకూ చెప్పొచ్చు.